నల్లపొట్ట నేలపిచ్చుకను గుర్తుపట్టడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పంటలు ఇళ్ళకు చేరి మెట్ట చేలు ఖాళీ అయ్యాక, నేల మీద తిరిగే చిన్న పిట్టల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ప్రశ్నలు ఎక్కువగా వస్తుంటాయి. ఒకే పిట్టను గురించి, దాన్ని పోలిన వాటిని గురించి వచ్చిన కొన్ని ఉత్తరాలను ఏరి, వాటికి ఈ నెల జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. నేను బడిపంతులును. పొగాకు మోళ్ళు పెరికి దున్నిన చేలో పిచ్చుక కంటే చిన్నదైన పిట్ట ఒకటి ఉన్నట్టుండి నిట్టనిలువుగా పైకి లేచి, రెక్కలు ముడుచుకుని రాయి పడ్డట్టు కిందికి దూకి, నేలకు తగలబోతూ మళ్ళీ పైకి లేస్తున్నది. దాని పొట్ట నల్లగా ఉంది. దాని వెంట తిరిగే పిట్టకు మాత్రం ఎక్కడా నలుపు లేదు. ఇవి రెండూ ఒకే జాతివేనా? వీటిని పిచ్చుకలనుకోవచ్చా?

జవాబు: రెండూ ఒకే జాతివే, జంట పిట్టలే. ఊరపిచ్చుకలు మాత్రం కావు. మన పల్లెల్లో నేల మీద తిరిగే ఇలాంటి మట్టిరంగు పిట్టలన్నిటినీ కలిపి నేలపిచ్చుకలు అనేస్తారు గానీ, వాటిలో అయిదారు వేర్వేరు జాతులు ఉన్నాయి. మీరు చూసినది ఆ గుంపులో అన్నిటికన్నా చిన్నది. ఇంగ్లీషులో యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్ అంటారు. శాస్త్రీయ నామం ఎరిమాప్టెరిక్స్ గ్రిసియస్. దీనిని 1786లో స్కోపోలి అనే ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించాడు. హిమాలయాల పాదాల నుంచి శ్రీలంక దాకా, ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తులోపు మైదానాల్లో ఏడాది పొడుగునా ఉండే పిట్ట కనుక, మీ ఊళ్ళో కనబడటంలో వింతేమీ లేదు. ఇన్నాళ్ళూ మీ కంట పడకపోవడానికే కారణం చెప్పవలసి ఉంటుంది, ఆ కారణంలోనే దాని గుర్తులు చాలావరకు ఇమిడి ఉన్నాయి.

సాధారణంగా నేల మీద బతికే పిట్టలకు వీపు ముదురుగానూ, పొట్ట లేతగానూ ఉంటుంది. పైనుంచి పడే వెలుగు వీపును తెలుపు చేస్తే, నీడ పొట్టను నలుపు చేస్తుంది కాబట్టి, రెండూ సరిపోయి పిట్ట ఆకారం నేలలో కలిసిపోతుంది. ఈ మగపిట్టది దానికి పూర్తిగా తలకిందులు. వీపు లేత బూడిద కలిసిన మట్టిరంగులో ఉంటే, గొంతు, రొమ్ము, పొట్ట మొత్తం నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు అది అందరి కంటా పడాలి కదా అనిపిస్తుంది. కానీ మనిషి అలికిడి వినగానే ఈ పిట్ట ఎగిరిపోదు, ఉన్నచోటే కాళ్ళు మడిచి పొట్టను నేలకు ఆనించేస్తుంది. నలుపంతా నేలకు అతుక్కుపోయి, పైకి కనిపించేది చేలోని మట్టిబెడ్డ రంగు వీపొక్కటే. నాలుగడుగుల దూరం దాకా వెళ్ళినా కదలదు. ఇక తప్పదనుకున్నప్పుడు కాళ్ళ దగ్గర నుంచి బుర్రుమని లేచి, కొద్ది దూరంలో మళ్ళీ బెడ్డల మధ్య వాలి మాయమవుతుంది. కనుక దీనిని పైనుంచి చూసి కాకుండా కింది నుంచి చూసి గుర్తుపట్టాలన్నది నేను మొదట చెప్పే మాట. మగపిట్ట ఎగురుతున్నప్పుడు గానీ, గట్టు మీదో రాతి మీదో నిటారుగా నిలబడినప్పుడు గానీ ఆ నల్లపొట్ట బయటపడుతుంది. మన ప్రాంతంలో ఇంత చిన్న నేలపిట్టల్లో పొట్ట మొత్తం నల్లగా ఉండేది ఇంకొకటి లేదు కాబట్టి, అది ఒక్కసారి కనిపించిందంటే మరో అనుమానం అక్కరలేదు.

దగ్గరగా, ముఖ్యంగా దుర్భిణిలో చూసే అవకాశం దొరికితే, మగదాని తలను గమనించండి. నడినెత్తి బూడిద రంగు. ముక్కు మొదలు నుంచి కంటి మీదుగా వెనక్కి సాగే నల్లని గీత ఒకటి ఉంటుంది. ఆ గీతకు దిగువన బుగ్గ తెల్లగా ఉంటుంది. బుగ్గ కింది నుంచి గొంతు నలుపు మొదలై రొమ్ము మీదికి దిగుతుంది. అంటే తెల్లని బుగ్గకు పైనా కిందా నలుపు అంచు కట్టినట్టుంటుంది. దూరం నుంచి చూసినప్పుడు ఈ నలుపూ తెలుపూ కలిసి ముఖం మీద అడ్డుపట్టీలుగా కనిపిస్తాయి. ముక్కు పొట్టిగా, లావుగా, గింజలు కొరికే పిచ్చుక ముక్కును పోలి ఉంటుంది. పిట్ట మొత్తం పొడవు పన్నెండు పదమూడు సెంటీమీటర్లకు మించదు. ఊరపిచ్చుక పదిహేను, పదహారు సెంటీమీటర్లు ఉంటుంది. తోక పొట్టి కావడంతో చూపుకు ఇంకా చిన్నదిగా, గుండ్రంగా తోస్తుంది.

ఆడపిట్ట విషయంలోనే అందరూ తికమకపడతారు. దానికి నలుపూ లేదు, తెల్లబుగ్గా లేదు. ఒళ్ళంతా ఇసుక కలిసిన గోధుమ రంగు, రొమ్ము మీద కాస్త మసక. ఆడ ఊరపిచ్చుక అని పొరబడటం చాలా సులువు. అయితే ఊరపిచ్చుక వీపు మీద నల్లటి చారలు బాగా కనబడతాయి, కంటి వెనుక లేతరంగు గీత ఉంటుంది. ఈ ఆడపిట్ట వీపు దాదాపు ఏకరంగుగా, మసక చారలతో ఉంటుంది. రంగులకన్నా గట్టి గుర్తు మరొకటి ఉంది, అది కాళ్ళు. ఊరపిచ్చుక నేల మీద రెండు కాళ్ళూ కలిపి గెంతుతుంది. నేలపిచ్చుక గెంతదు, కాలు తర్వాత కాలు వేసి నడుస్తుంది, తొందరపడితే పరుగెడుతుంది. బెడ్డల మధ్య వంగి, తల ముందుకు చాచి, చిన్న చిన్న అడుగులతో గింజలు ఏరుకుంటూ పోయే ఆ నడకను ఒకసారి చూసి మనసులో పెట్టుకున్నవాళ్ళు ఇక ఆడపిట్ట దగ్గర కూడా పొరపడరు. ఫోన్లో తీసి పంపే ఫొటోల కంటే ఈ నడక గురించిన రెండు వాక్యాలే నాకు ఎక్కువ ఉపయోగపడతాయి. ఫొటోల్లో సగానికి సగం ఎర్రమట్టి, అందులో ఎక్కడో ఒక చుక్క తప్ప మరేమీ తెలియదు. పిల్లపిట్టలు కూడా ఆడపిట్టల్లాగే ఉంటాయి కనుక, గుంపులో నలుపు లేని పిట్టలు ఎక్కువ కనిపించినంత మాత్రాన మగవి తక్కువని తేల్చకండి.

మీరు చూసిన దూకుడు గురించి. అది మగపిట్ట జతకట్టే కాలంలో చేసే విన్యాసం. రెక్కలు గబగబా కొట్టుకుంటూ నిట్టనిలువుగా లేచి, ఒక ఎత్తుకు చేరాక రెక్కలు ముడిచి తలకిందులుగా జారుతుంది. నేల దగ్గరకొచ్చేసరికి రెక్కలు విప్పి, ఆ ఊపుతోనే మళ్ళీ పైకి లేస్తుంది. ఇలా కిందికీ పైకీ వరసగా కొన్నిసార్లు దూకి, చివరకు ఒక బెడ్డ మీదో రాయి మీదో వాలుతుంది. కిందికి జారేటప్పుడు సన్నని, సాగదీసిన ఈల వినిపిస్తుంది. కొన్ని సార్లు కళ్ళకు కనబడక ముందే చెవికి ఆ ఈల అందుతుంది. అప్పుడు నేల మీద వెతక్కుండా ఆకాశం వైపు చూడాలి.

వీటిని చూడటానికి పెద్ద అడవులు ఎక్కనక్కరలేదు. దున్ని వదిలేసిన మెట్ట చేలు, గులకరాళ్ళ బీళ్ళు, పశువులు మేసి గడ్డి పలచబడిన పోరంబోకులు, ఎండిన చెరువు గర్భాలు, ఉప్పు మళ్ళ గట్లు, ఏటి ఇసుకతిన్నెల అంచులు, ఇలా చెట్టూ చేమా పలచగా ఉన్న చోటల్లా వీటి చోటే. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఎర్రనేలలూ, కొత్తపట్నం వైపు చవుడు నేలలూ రెండూ వీటికి సరిపడే తరహావే. చిల్లచెట్లు కమ్మేసిన బీడును, జామాయిలు తోటను మాత్రం ఇవి ఇష్టపడవు. పైగా, చెట్టు కొమ్మ మీద గానీ కరెంటు తీగ మీద గానీ ఇవి వాలడం చాలా అరుదు. తీగ మీద కూర్చున్న మట్టిరంగు పిట్టను చూసి ఇదేనేమో అనుకుంటే, ముందు ఆ అనుమానాన్ని పక్కన పెట్టి ఇతర జాతులను ఆలోచించాలి. తర్వాతి ప్రశ్న దాని గురించే.

ప్రశ్న: కావలి దగ్గర మా కయ్యల గట్ల మీదా, పక్కన బీట్లోనూ ఒకే రంగు పిట్టలు నాలుగైదు రకాలున్నట్టు అనిపిస్తుంది. కొన్ని కరెంటు తీగ మీద కూర్చుంటాయి, కొన్ని తోక ఊపుతాయి, కొన్ని ఆకాశంలో నిలబడి పాడతాయి. వీటిని విడదీసి చెప్పగలరా?

జవాబు: చెప్పవచ్చు, కాకపోతే రంగులతో మొదలుపెడితే దారి తప్పుతాం. అన్నీ మట్టి రంగువే. ఏం చేస్తున్నాయో చూసి, ఆ తర్వాతే ఈకల సంగతికి రావాలి.

తోక ఊపేది నేలపిచ్చుకల కుటుంబానిదే కాదు. అది పిపిట్ అనే వేరే పిట్ట, మన వరి కయ్యల గట్ల మీద సర్వసాధారణం. సన్నని ముక్కు, సన్నని ఒళ్ళు, పొడవాటి కాళ్ళు, పొడవాటి తోక. నిటారుగా నిలబడి గబగబా పరుగెత్తి ఆగుతుంది, ఆగినప్పుడల్లా తోకను కిందికీ పైకీ ఆడిస్తుంది. లేచినప్పుడు తోకకు రెండు వైపులా తెల్లని అంచులు మెరుస్తాయి. మీరు తడి నేల దగ్గర చూసినవాటిలో ఎక్కువ భాగం ఇవే అయి ఉంటాయి.

పొద మీదో తీగ మీదో కూర్చునేది, లావు ముక్కు, పొట్టి తోక, రొమ్ము మీద ముదురు చుక్కలు ఉన్నదయితే, అది జెర్డన్ పొద నేలపిచ్చుక. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉంటుంది. పొడవు పద్నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇది పాడే తీరే వేరు. రేగు పొద మీదనో, కంచె రాతి మీదనో కూర్చుని, కీచుమనే సన్నని స్వరాలను వరసగా విసురుతుంది. మధ్యలో కొద్ది ఎత్తుకు లేచి, రెక్కలు పైకెత్తి, కాళ్ళు వేలాడదీసుకుని నెమ్మదిగా కిందికి దిగి మళ్ళీ అదే పొద మీద వాలుతుంది. ఎగిరేటప్పుడు రెక్కల్లో ఇటుక రంగు కనబడుతుంది. దీనికి దగ్గరి బంధువు ఇండియన్ బుష్‌లార్క్ అని మరొకటి ఉంది. దాని రెక్కల్లో ఇటుక రంగు మరింత ఎక్కువగానూ, తోక కాస్త పొడుగ్గానూ, ముక్కు కొంచెం చిన్నదిగానూ ఉంటాయి. జెర్డన్ పొద నేలపిచ్చుకను ఒకప్పుడు ఈశాన్యాన ఉండే బెంగాల్ బుష్‌లార్క్ జాతిలో ఒక రూపమేనని భావించేవారు. 1998లో పెర్ ఆల్‌స్ట్రోమ్ అనే శాస్త్రవేత్త ఆ రూపాల పాటలను, ఎగిరే తీరును పోల్చి, వాటిని వేర్వేరు జాతులుగా చూడాలని వాదించాడు, ఇప్పుడందరూ దాన్నే అనుసరిస్తున్నారు. ఈకలు చూసి తేల్చలేని సంగతిని పాట తేల్చిందన్నమాట. మీరు కూడా జెర్డన్ పొద నేలపిచ్చుక, ఇండియన్ బుష్‌లార్క్‌ల విషయంలో ఫొటో మీద పంతం పట్టకుండా ఫోన్లో పాటను రికార్డు చేసుకోవడం మంచిది.

ఆకాశంలో చాలా ఎత్తున, రెక్కలు కొట్టుకుంటూ ఒకేచోట నిలబడి, ఆపకుండా నిమిషాల తరబడి పాడేది ఓరియెంటల్ స్కైలార్క్. పదహారు సెంటీమీటర్ల పిట్ట. వీపు మీద చారలు దట్టంగా ఉంటాయి, నెత్తి మీద చిన్న జుట్టు ఉంటుంది గానీ అది ఉద్రేకపడ్డప్పుడు తప్ప సరిగా పైకి లేవదు. ముక్కు కాస్త సన్నం. తడి ఆరీ ఆరని పచ్చిక బయళ్ళ దగ్గర, చెరువుల అంచుల్లో ఎక్కువగా ఉంటుంది. నల్లపొట్ట పిట్ట దూకుడుకూ దీని పాటకూ పోలికే లేదు: అది కిందికీ పైకీ దూకుతుంది, ఇది ఒకే ఎత్తున నిలిచిపోతుంది. రాళ్ళ చేలల్లో, దుక్కి చాళ్ళ వెంబడి నడుస్తూ, ముదురు రంగు ఒళ్ళు, ఇటుక రంగు తోక, ఆ తోక చివర నల్లని పట్టీ ఉన్న పిట్ట కనిపిస్తే అది ఎర్రతోక నేలపిచ్చుక. ఎగిరేటప్పుడు తోకే చెబుతుంది, మరేమీ చూడనక్కరలేదు. ఇక చలికాలంలో గుంపులు గుంపులుగా దిగి, రొమ్ము మీద చారలు లేకుండా లేత రంగులో ఉండి, మెడ పక్కన చిన్న నల్లమచ్చ ఉన్నవి, ఉత్తరాది నుంచి వలస వచ్చే పొట్టివేళ్ళ నేలపిచ్చుకలు. ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి.

నల్లపొట్ట పిట్టలు కూడా చలికాలంలో గుంపులు కడతాయి. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో చూసిన గుంపును గురించి గబుక్కున తేల్చేయకండి. గుంపంతా ఒక్కసారిగా లేచి మలుపు తిరిగేటప్పుడు కొన్ని పొట్టలు నల్లగా కనబడితే మీకు తెలిసిన పిట్టలే. అన్నీ లేతగా ఉంటే వలస పిట్టల సంగతి ఆలోచించాలి.

ప్రశ్న: జెర్డన్ పేరు మన పొద నేలపిచ్చుకకు ఎలా వచ్చింది? ఆయన నెల్లూరులో ఉన్నాడని ఎవరో చెప్పారు, నిజమేనా?

జవాబు: నిజమే. థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1811లో పుట్టిన బ్రిటిష్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ తరపున మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేస్తూ, 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. పిట్టలూ, చీమలూ, పాములూ, చేపలూ, మొక్కలూ, ఏది కనబడితే దాన్ని పరిశీలించి రాసుకున్న మనిషి. పిట్టలకు తెలుగువాళ్ళు వాడే పేర్లను కూడా తన రచనల్లో చేర్చాడు. తాను సేకరించిన నమూనాలను కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసే ఎడ్వర్డ్ బ్లైత్‌కు పంపేవాడు. పొద నేలపిచ్చుకకు 1845లో, కలివికోడికి 1848లో శాస్త్రీయ నామాలు పెట్టినవాడు బ్లైతే. కలివికోడి అనే జెర్డన్ కోర్సర్ సంగతి అందరికీ తెలిసిందే. 1900 తర్వాత దశాబ్దాల పాటు కంటబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పిట్టను 1986లో కడప జిల్లాలో మళ్ళీ గుర్తించారు. దాని పేరు ముందు మిగిలినవన్నీ మరుగున పడ్డాయి గానీ, మన ఊరి కంచెల మీద ఏ రోజైనా కనిపించే పొద నేలపిచ్చుక కూడా జెర్డన్ పేరుతోనే ఉందని గుర్తుపెట్టుకోవడం, నా దృష్టిలో, కలివికోడి కోసం కలలు కనడం కంటే ఉపయోగకరమైన పని. మన ఊరి పిట్ట కనుక దానిని ఎవరైనా చూసి నమోదు చేయవచ్చు.

ప్రశ్న: మా చిన్నతనంలో ఇలాంటి పిట్టలను వలపన్ని పట్టేవాళ్ళను చూశాం. ఇప్పుడు అది నేరమా?

జవాబు: నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నేలపిచ్చుకలకు కూడా వర్తిస్తుంది. పట్టడం, చంపడం, గూటిని పాడుచేయడం, గుడ్లు తీయడం, పంజరంలో ఉంచి అమ్మడం, ఏదీ కుదరదు. ఎవరైనా అమ్ముతుంటే అటవీ శాఖకు చెప్పవచ్చు.

ప్రశ్న: ఆత్మకూరు దగ్గర మా వేరుశనగ చేలో నేల మీదే గూడు చూశాం. రెండు గుడ్లున్నాయి. రెండు రోజుల్లో దున్నాలి. ఆ గూటిని చేతితో తీసి గట్టు మీద పెట్టవచ్చా? అసలు అది ఏ పిట్టది?

జవాబు: తీయకండి. నేల మీది గూడు చోటు మారితే, తల్లిదండ్రులు దాన్ని తమదిగా గుర్తించి అక్కడికి రావడం నమ్మకం లేని సంగతి. గుడ్లు చల్లబడిపోతాయి, లేదా ఎండకు మాడిపోతాయి.

ఏ పిట్టదో చెప్పడానికి మీరు రాసిన వివరాలు కొంత సహాయపడుతున్నాయి. గిట్ట పడిన గుంటంత చిన్న పల్లం, అందులో పీచూ, గడ్డిపోచలూ పరచి ఉన్నాయన్నారు. పక్కన మట్టిబెడ్డ ఉందన్నారు. పల్లం అంచున గులకరాళ్ళు పేర్చినట్టు ఉన్నాయని కూడా రాశారు. ఇవన్నీ నల్లపొట్ట నేలపిచ్చుక గూటికి సరిపోయేవే. ఆ పిట్ట బెడ్డకో, గడ్డిదుబ్బుకో ఆనుకుని గూడు పెడుతుంది. దాని నీడ గూటి మీద పడుతుంది. అంచున చిన్న రాళ్ళు పేర్చడం ఈ జాతికి అలవాటే. రెండు గుడ్లు పెట్టడం మామూలు, మూడు కూడా పెడుతుంది. గుడ్ల మీద మట్టి రంగు చుక్కలుంటాయి. చూపు ఒక చోట నిలపకపోతే గులకరాళ్ళలోనే కలిసిపోతాయి. అయితే గూడు చూసి నిర్ధారించకండి, వచ్చే పిట్టను చూడండి. ఇది సులువు కూడా, ఎందుకంటే ఈ జాతిలో ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. అంటే కాస్త దూరంలో కూర్చుని కనిపెడితే, ఎప్పుడో ఒకప్పుడు నల్లపొట్ట మగపిట్ట గూటి దగ్గరికి వచ్చి తీరుతుంది. ఒక్క మట్టిరంగు పిట్టే వస్తూ పోతూ ఉంటే పొద నేలపిచ్చుకో, స్కైలార్కో, పిపిటో కావచ్చు.

దున్నే విషయంలో నేను చెప్పగలిగేది ఇదీ. గుడ్లు పెట్టింది మొదలు పిల్లలు బయటపడేదాకా సుమారు రెండు వారాలు పడుతుంది. మీరు చూసేసరికే కొంత పొదుగుడు అయిపోయి ఉండవచ్చు. గూడు ఉన్న ఆ మూలను పిల్లలు గూడు దిగి వెళ్ళేదాకా వదిలేయగలిగితే చాలు. అది కుదరకపోతే, గూటి చుట్టూ ఒక ట్రాక్టరు చాలు వెడల్పు మేర దున్నకుండా వదలండి. గూటి పక్కనే కర్ర పాతితే కాకుల కంట పడుతుంది, అందుకని కర్రలను గూటికి కాస్త దూరంగా, రెండు వైపులా పాతి, వాటి మధ్య నేలను వదిలెయ్యమని ట్రాక్టరు నడిపేవాడికి చెబితే సరిపోతుంది. గూటి పక్కన ఉన్న బెడ్డను కదల్చవద్దు. అది పోతే నడిమధ్యాహ్నం ఎండ నేరుగా గుడ్ల మీద పడుతుంది. ఊళ్ళోవాళ్ళకు చూపించాలని పదిసార్లు అటు వెళ్ళవద్దు. మనం నడిచిన దారిని కుక్కలు పసిగడతాయి, ముంగిసలు కూడా వస్తాయి. ఫొటో తీయాలనుకుంటే దూరం నుంచి, ఒకటి రెండు తీసి వెనక్కి రండి.

పిల్లలు పుట్టాక తల్లిదండ్రులు పురుగులు తెచ్చి పెడతాయి. పెద్దపిట్టలు ఎక్కువగా గడ్డి గింజలు, కలుపు గింజలు ఏరుకుని తిన్నా, పిల్లల ఎదుగుదలకు పురుగులు కావాలి. కాబట్టి ఆ మూలలో ఆ కొద్ది రోజులూ పురుగుమందు పిచికారీ చేయకుండా ఉంటే, కాపాడిన గుడ్లకు అర్థం ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు రెక్కలు పూర్తిగా రాకముందే గూడు దిగి నేల మీద తిరగడం మొదలుపెట్టడం నేలపిచ్చుకల కుటుంబంలో మామూలే. నేల మీద ఎగరలేని పిల్ల కనబడితే తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెచ్చుకోకండి. అది చక్కగానే ఉంది, దాని తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉన్నాయి. పశువుల గిట్టల కింద పడుతుందనిపిస్తే ఒక్క గడ్డిదుబ్బు చాటుకు జరిపి వచ్చేస్తే చాలు.

ఒక విషయం కాలం గురించి. ఈ జాతి గూళ్ళు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు లోపల కనబడతాయి. ఈశాన్య రుతుపవనాలతో మీకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు పడతాయి. గడ్డి ఏపుగా ఎదిగి నేల కప్పేసినప్పుడు ఇవి ఆ చేను వదిలి, ఇంకా నేల తేలి ఉన్న చోటికి వెళ్ళిపోతుంటాయి. అందుకే వానల తర్వాత మీ బీట్లో ఇవి కనబడకపోతే పోయాయని అనుకోకండి, గట్టు అవతల గడ్డి లేని చోట వెతకండి. గూళ్ళు ఉన్న చేలు దొరికినప్పుడు ఏ తారీకున చూశారో, గూటిలో ఎన్ని గుడ్లో, నేల ఎలాంటిదో నోటు పుస్తకంలో రాసుకుంటే, వచ్చే ఏడు ఏ మూల దున్నడానికి ముందు ఒకసారి చూడాలో మీకే తెలుస్తుంది. చూసిన పిట్టల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటు వాడేవాళ్ళు అందులో కూడా ఎక్కించవచ్చు, కానీ గూడు ఉన్న కచ్చితమైన చోటును బయట పెట్టకుండా ఊరి పేరుతో సరిపెట్టండి.